లారీ బేకర్ పిచ్చి పట్టిన ఆర్కిటెక్చర్ విద్యార్థి ఆ శైలిని పట్టుకుని ఉండాలా, వదిలించుకోవాలా?

మీరు అడిగింది క్లుప్తంగా ఇది. బీఆర్క్ రెండో ఏడాది చదువుతున్నారు. సెలవుల్లో తిరువనంతపురం వెళ్ళి, ఇంగ్లండులో పుట్టి కేరళలో తక్కువ ఖర్చు కట్టడాలు కట్టిన ఆర్కిటెక్టు లారీ బేకర్ తంపానూరులో కట్టిన ఇండియన్ కాఫీ హౌస్ చూశారు. అప్పటి నుంచి ఇంకో భవనం కంటికి ఆనడం లేదు. స్టూడియోలో ఏ ప్రాజెక్టు ఇచ్చినా గుండ్రటి గోడలు, ఇటుక జాలీలు (గాలీ వెలుతురూ వచ్చేలా కన్నాలు వదిలి కట్టే గోడలు), ప్లాస్టరింగ్ లేని ఎర్ర గోడలు వచ్చేస్తున్నాయి. మొన్న గ్రంథాలయం ప్రాజెక్టుకి, విద్యార్థుల డిజైన్లు పరిశీలించే జ్యూరీలో "ఇది నీ డిజైన్ కాదు, బేకర్‌కి కాపీ" అన్నారు. ఒక శైలి ఇంతగా లాగేస్తుంటే దాంతోనే పోవాలా, తప్పించుకోవాలా?

పట్టుకోండి. ఇంకో రెండేళ్ళు వదలొద్దు. అయితే మీరు గీసే ప్రతి జాలీ పక్కన, ప్రతి వంకర గోడ పక్కన, అది అక్కడ ఎందుకుందో ఒక్క వాక్యం రాయగలగాలి. రాయలేకపోతే చెరిపేయండి.

నేను ఈ పనిలోకి వచ్చి ఇరవై రెండేళ్ళయింది. నాకూ ఇదే జ్వరం వచ్చింది, మీకంటే కాస్త ఆలస్యంగా, నాలుగో ఏట. తగ్గడానికి ఒక ఇల్లు ఖర్చయింది. అదీ నాది కాదు, వేరేవాళ్ళది. ఆ సంగతి తర్వాత చెప్తాను.

ముందు మీరు చూసిన కాఫీ హౌస్ సంగతి. బయట నుంచి ఎర్రటి గొట్టం, ఒంటినిండా కన్నాలు, మెలితిరిగి పైకి పోయినట్టుంటుంది. ఫోటోలో పడేది అంతే. లోపల కూర్చున్నప్పుడు ఏం జరిగిందో గుర్తు తెచ్చుకోండి. ఒక అంతస్తు నుంచి ఇంకో అంతస్తుకి వెళ్తున్నట్టు మీకు అనిపించి ఉండదు. చుట్టూ తిరుగుతూ పైకి పోయే వాలు మీద నడుస్తూ పోతే, బయటి గోడ వెంబడి ఒక్కో బల్ల కాస్త కాస్త ఎత్తులో ఎదురవుతూ వస్తుంది. ఆ బల్లలూ బెంచీలూ కొని తెచ్చి వేసినవి కావు, కట్టడంతో పాటే కట్టేసినవి. మధ్యలో గుండ్రటి గోడ లోపల మిగతా సౌకర్యాలు సర్దేశారు. ఉన్నదేమో కొంచెం జాగా. పక్కనే రైల్వే స్టేషను, బస్టాండు. జనం వస్తూ పోతూ ఉంటారు. మామూలుగా అంతస్తులు వేస్తే మెట్లకీ, వాటి ముందు వెనకల నడవకీ బోలెడు చోటు పోతుంది. ఆయన దారినే హాలు చేసేశాడు. ఇక ఆ కన్నాల వల్ల ప్రతి బల్లకీ గాలీ వెలుతురూ ఉన్నాయి, కిటికీ చట్రం, అద్దం, తలుపు ఖర్చు లేకుండా. ఆ మెలిక ఇరుకు జాగాలో నుంచి వచ్చింది.

ఇప్పుడు మీ గ్రంథాలయానికి రండి. స్థలం సరిపడా ఉందన్నారు. పుస్తకాల బీరువాలు తిన్నగా ఉంటాయి. గుండ్రటి గోడకి తిన్నటి బీరువా ఆనిస్తే వెనక ఎలుకలకి వేరే గది కట్టించినట్టే. జ్యూరీ అన్న మాటలో సగం నిజం ఇక్కడే ఉంది.

అంటే గుండ్రటి గోడ తప్పని కాదు. దానికి బలమైన లెక్క ఒకటుంది. నలభై అడుగుల పొడవు గోడతో చదరపు గది కడితే లోపల 100 చదరపు అడుగులు వస్తాయి. అదే నలభై అడుగుల గోడని గుండ్రంగా తిప్పితే సుమారు 127. గోడ ఖర్చు అంతే, చోటు పావు వంతు పైగా ఎక్కువ. పైగా వంపు తిరిగిన గోడ దానంతట అదే నిలదొక్కుకుంటుంది. కాగితాన్ని తిన్నగా నిలబెడితే పడిపోతుంది, కాస్త వంచితే నిలబడుతుంది, అదే సూత్రం. పాములా వంకరలు తిరిగే ఒంటి ఇటుక ప్రహరీలు బేకర్ అందుకే కట్టాడు. ఈ లెక్క మీ ప్రాజెక్టులో ఎక్కడ పనికొస్తుంది? పిల్లలు నేల మీద కూర్చుని కథలు వినే గదికి పనికొస్తుంది. బీరువాల హాలుకి రాదు. ఈ రెండు ముక్కలూ జ్యూరీలో చెప్పగలిగి ఉంటే 'కాపీ' అన్న మాట వచ్చేది కాదనుకుంటాను.

బేకర్ ఎలా తయారయ్యాడో ఒకసారి చూడండి, మీ ప్రశ్నకి జవాబు అందులోనే ఉంది. 1917లో ఇంగ్లండులోని బర్మింగ్‌హామ్‌లో పుట్టి, 1937లో అక్కడే ఆర్కిటెక్చర్ చదువు పూర్తి చేశాడు. యుద్ధకాలంలో చైనాలో వైద్యసేవా దళంతో పనిచేసి తిరిగి వెళ్తూ, ఓడ కోసం బొంబాయిలో ఆగాడు. అక్కడ గాంధీని కలిశాడు. ఇల్లు కట్టే వస్తువులన్నీ ఐదు మైళ్ళ లోపు దొరికేవై ఉండాలన్న గాంధీ ఆలోచన ఆయన వెంట జీవితాంతం నడిచింది. 1945లో కుష్ఠురోగుల ఆసుపత్రుల పని మీద ఇండియా వచ్చి, డాక్టర్ ఎలిజబెత్ జేకబ్‌ని పెళ్ళి చేసుకుని, హిమాలయాల్లోని పిథోరాగఢ్ దగ్గర సుమారు పదహారేళ్ళు ఉన్నాడు. అక్కడ రాయి, మట్టి, కొండవాలు. కాలేజీలో నేర్చుకున్నది అక్కడ పెద్దగా అక్కరకు రాలేదు. ఊళ్ళోవాళ్ళు ఎలా కడుతున్నారో చూసి మళ్ళీ మొదటి నుంచి నేర్చుకున్నాడు. 1963లో కేరళకి మారాడు.

ఇక్కడ గమనించండి. పదహారేళ్ళు రాతి ఇళ్ళ మధ్య బతికిన మనిషి, కేరళ వచ్చాక ఆ కొండ ఇళ్ళని ఇక్కడ దింపలేదు. ఇటుక, పెంకు, సున్నం పట్టుకున్నాడు. పిథోరాగఢ్ నుంచి తెచ్చుకున్నది చూసే పద్ధతి ఒక్కటే. మీరు కూడా తిరువనంతపురం నుంచి మీ ఊరికి అంతే మోసుకు రావాలి.

చేత్తో ఒక్కసారైనా కట్టండి. ఇది సలహాలన్నిటిలోకీ ముఖ్యమైనది కాబట్టి కాస్త వివరంగా చెప్తాను.

బేకర్ పేరు చెప్పగానే వచ్చే ర్యాట్ ట్రాప్ బాండ్ సంగతి మీకు తెలిసే ఉంటుంది. ఎలుకబోను కట్టుబడి అనుకోవచ్చు. ఇటుకని పడుకోబెట్టకుండా పక్కవాటుగా నిలబెట్టి, గోడకి రెండు వైపులా ఒక్కోటి పెట్టి, మధ్యలో ఖాళీ వదిలి, వాటిని కలుపుతూ ఒక ఇటుక అడ్డంగా పెడతారు. 9 × 4½ × 3 అంగుళాల ఇటుక తీసుకుంటే, ఇవతల మూడు అంగుళాల ఇటుక, మధ్యలో మూడు అంగుళాల ఖాళీ, అవతల మూడు అంగుళాల ఇటుక. మొత్తం తొమ్మిది అంగుళాల గోడ. కాగితం మీద లెక్క వేయండి. అడుగు పొడవు, నాలుగున్నర అంగుళాల ఎత్తు ముక్కకి ఈ పద్ధతిలో మూడు ఇటుకలు పడతాయి. అదే చోట మామూలు తొమ్మిదంగుళాల గోడకి నాలుగు. నాలుగో వంతు ఇటుక మిగిలింది, మాలు కూడా తగ్గింది, మధ్యలో గాలి ఉండడం వల్ల వేడి నెమ్మదిగా లోపలికి వస్తుంది. పైపులు దింపుకోవడానికి దారి కూడా ఉంది.

ఇదంతా నాకు బట్టీ వచ్చు. మొదటిసారి సైటులో చెప్పినప్పుడు మా తాపీ మేస్త్రీ ఇటుకని చేతిలో అటూ ఇటూ తిప్పి, "పడుకోవాల్సిన ఇటుకని నిలబెడితే గోడ పడుకుంటాది సార్" అన్నాడు. మూడు అడుగుల నమూనా గోడ కట్టమని బతిమాలాను. మూడు వరుసలు లేచేసరికి అసలు సమస్య బయటపడింది. పై వరుసకి మాలు వేస్తుంటే సగం మధ్య ఖాళీలోకి జారిపోతోంది. అలా పోతే మాలు ఆదా లేదు, గాలి ఖాళీ కూడా లేదు. పుస్తకంలో ఈ ముక్క నేను చదవలేదు. చివరికి దారి చూపించింది కూడా ఆ మేస్త్రీయే. సెంట్రింగ్ చెక్కల్లోంచి మూడంగుళాల పట్టీ ఒకటి తీసి, ఖాళీ మీద మూతలా పెట్టి, రెండు వైపులా మాలు పరిచి, పట్టీ ఎత్తేశాడు. మర్నాడు ఆ గోడ ఎక్కి నిలబడి టీ తాగాడు. ఆ తర్వాత నేను ఏ సైటులో ఈ కట్టుబడి చెప్పినా మొదట ఆ పట్టీ కోయిస్తాను.

ఇంకోటి. మన దగ్గర తొమ్మిదంగుళాల ఇటుక అని అమ్ముతారు, టేపు పెడితే ఎనిమిదిన్నర, ఒక్కోసారి ఎనిమిదీముప్పావు. మామూలు గోడలో ఆ తేడా ప్లాస్టరింగ్ కింద దాక్కుంటుంది. ఇందులో దాక్కోదు. బట్టీకి వెళ్ళి మీరే ఇటుకలు కొలవండి. రెండు ఇటుకలు ఒకదానికొకటి కొడితే కంగుమనాలి; దబ్బుమంటే బయట వదిలేసే గోడకి అది పనికిరాదు.

ఇప్పుడు నా ఖర్చు సంగతి. సొంతంగా చేసిన రెండో ఇల్లు. భార్యాభర్తలు ఇద్దరూ ఉద్యోగస్తులు, నన్ను నమ్మారు. నేను బేకర్ గోడలన్నీ దింపేశాను. ఎర్ర ఇటుక, జాలీలు, మెట్ల దగ్గర ఒక వంపు. గృహప్రవేశం రోజు ఆ ఇంటి పెద్దావిడ నన్ను పక్కకి పిలిచి, "బాబూ, గోడలకి సిమెంటు ఎప్పుడు పూస్తారు? డబ్బులు చాల్లేదేమో అని చుట్టాలు అడుగుతున్నారు" అంది. నవ్వి ఊరుకున్నాను. రెండో వర్షాకాలానికి పడమటి గోడ లోపల చెమ్మ దిగింది, బయట తెల్లగా ఉప్పు తేలింది. ఇటుకే మంచిది కాదని నాలుగు నెలలు బట్టీవాణ్ణి తిట్టుకున్నాను. ఆ తర్వాత తిరువనంతపురం వెళ్ళి, బేకర్ చేసిన సెంటర్ ఫర్ డెవలప్‌మెంట్ స్టడీస్ ఆవరణలో వాన పడుతుండగా నిలబడితే అర్థమైంది. ఆ ఊరికి రెండు ఋతుపవనాల వానా పడుతుంది. ఎర్ర గోడలు ఆ తడిని తట్టుకుంటున్నాయంటే, పైన చూరు బాగా ముందుకి వచ్చి ఉంది. నేను గోడ చూశాను, చూరు చూడలేదు. నా ఇంటికి స్లాబు గోడతో సమంగా కోసేసినట్టు ఉంది, ఫోటోలో శుభ్రంగా కనిపిస్తుందని. పడమటి గోడకి నా డబ్బులతో ప్లాస్టరింగ్ చేయించాను. పెద్దావిడ సంతోషించింది.

మీరు పెట్టిన గ్రంథాలయం ప్రాజెక్టు ఫోటో మళ్ళీ చూశాను. మీకూ చూరు లేదు.

ప్రతి లక్షణానికీ ఒక వాతావరణం ఉంటుంది. జాలీ తీసుకోండి. తిరువనంతపురంలో ఏడాది పొడుగునా ఉక్కపోత, సముద్రం పక్కనే ఉంది. అక్కడ ఒంటికి కావాల్సింది కదిలే గాలి. జాలీ ఆ గాలిని లోపలికి తెస్తుంది, కళ్ళు చెదిరే వెలుగుని ముక్కలు చేసి పంపుతుంది. అదే జాలీని మే నెలలో వడగాలి కొట్టే లోతట్టు ఊళ్ళో పడమటి వైపు పెడితే, పగలంతా పొయ్యి ముందు కూర్చున్నట్టే. అలాంటి చోట పగలు మూసుకుని రాత్రి తెరుచుకునేవి కావాలి. దుమ్ము, దోమలు సరేసరి. గ్రంథాలయంలో దుమ్ము అంటే మామూలు విషయం కాదు. మీరు ఎంచుకున్న స్థలం కోస్తాలో ఉందా, మెట్ట ప్రాంతంలో ఉందా రాయలేదు. జాలీ ఉంచాలా తీసేయాలా అనేది అదే తేలుస్తుంది.

ఇక ఫిల్లర్ స్లాబ్, అంటే కాంక్రీటులో కొంత భాగం బదులు పెంకుల్లాంటివి నింపి వేసే స్లాబు. దీని గురించి జాగ్రత్తగా వినండి, ఇది అందం సంగతి కాదు, ప్రాణాల సంగతి. రెండు వైపులా ఆనుకున్న స్లాబు బరువుకి కిందికి వంగుతుంది. అప్పుడు పై భాగం నొక్కుకుంటుంది, కింది భాగం సాగుతుంది. కాంక్రీటు నొక్కుడుని భరిస్తుంది కానీ సాగుడుని భరించలేదు; ఆ పని ఇనుము చూసుకుంటుంది. అంటే కింది వైపు కాంక్రీటులో చాలా భాగం ఇనుముని పట్టుకోవడానికి తప్ప బరువు మోయడానికి లేదు. అక్కడ కాంక్రీటు బదులు మంగుళూరు పెంకులు పెడితే (మన వైపు చాలామంది బెంగుళూరు పెంకులు అంటారు) స్లాబు బరువూ ఖర్చూ తగ్గుతాయి, పెంకుల మధ్య గాలి వేడిని ఆపుతుంది. చక్కటి ఆలోచన. ఒకసారి నేను జ్యూరీలో కూర్చున్నప్పుడు ఒక కుర్రాడు ఇదే స్లాబుని బయటికి పొడుచుకొచ్చిన బాల్కనీకి కూడా గీసుకొచ్చాడు. బాల్కనీ ఒక వైపే ఆనుకుని ఉంటుంది, వంగడం తిరగబడుతుంది. సాగేది పైన, నొక్కుకునేది కింద. కాంక్రీటు గట్టిగా ఉండాల్సిన చోటే పెంకులు పెట్టాడన్నమాట. బొమ్మ మాత్రం చాలా అందంగా ఉంది. స్ట్రక్చరల్ ఇంజినీరు లెక్క లేకుండా, కాలేజీ బయట ఎక్కడా ఈ స్లాబు వేయించకండి. స్లాబు గోడల మీద, దూలాల మీద ఆనే చోట కూడా పెంకులు రాకూడదు.

ఇది ఒక్క బేకర్ విషయం అనుకోకండి. రేపు మీకు స్పెయిన్ ఆర్కిటెక్టు గౌడీ పిచ్చి పట్టొచ్చు. ఆయన కట్టడాల వంపులు కలలో వచ్చినవని జనం అనుకుంటారు. కొలోనియా గ్వెల్ చర్చి కోసం ఆయన దారాలకి చిన్న చిన్న బరువు సంచులు వేలాడదీసి, అవి సహజంగా ఎలా వంగాయో చూసి, ఆ ఆకారాన్ని తలకిందులు చేశాడు. వేలాడే దారంలో సాగుడు తప్ప ఇంకేమీ ఉండదు. తిరగేస్తే ఆ కమానులో నొక్కుడు తప్ప ఇంకేమీ ఉండదు. రాయికీ ఇటుకకీ కావాల్సింది అదే. వింతగా కనిపించే శైలుల్లో నిలబడినవాటిని గీకి చూస్తే, లోపల ఇలాంటి మొండి లెక్క ఒకటి తగులుతుంది. తగలకపోతే ఆ శైలికి దూరం జరగడం మంచిది, నా మటుకు నేను జరుగుతాను.

జ్యూరీకి ఒక చిట్కా. డిజైన్ పూర్తయ్యాక, మనసులో గోడలన్నిటికీ ప్లాస్టరింగ్ చేసి తెల్ల సున్నం కొట్టేయండి. వంపులు తిన్నగా చేయండి. అప్పుడు ఏం మిగిలింది? నీడ మిగిలిందా, గాలి దారి మిగిలిందా, కొట్టకుండా వదిలిన చెట్టు ఉందా, ఇటుకల లెక్క తగ్గిందా? మిగిలితే డిజైన్ మీదే, బేకర్ దగ్గర నేర్చుకున్నారంతే. ఏమీ మిగలకపోతే మీరు ఎర్ర రంగు గీశారు. ఈ పరీక్ష నేను ఇప్పటికీ చేస్తాను. నాలుగేళ్ళ కిందట చేసిన ఒక చిన్న ఆసుపత్రి చూసి ఎవరూ బేకర్ అనరు. తెల్లగా, తిన్నగా ఉంటుంది. కానీ వేపచెట్టు కోసం గోడ ఆరడుగులు వెనక్కి జరిగింది, కూల్చిన ఇంటి తలుపుల కొలతలకి తగ్గట్టు గుమ్మాలు పెట్టాం, రోగులు కూర్చునే వరండాకి చూరు నాలుగడుగులు ఉంది. ఆయన దగ్గర నేర్చుకున్నవన్నీ అందులో ఉన్నాయి.

ఈ దారిలో డబ్బు సంగతి కూడా ఇప్పుడే తెలుసుకోవడం మంచిది, తర్వాత టెన్షన్ ఉండదు. ఆర్కిటెక్టు ఫీజు చాలాసార్లు కట్టుబడి ఖర్చులో ఇంత శాతం అని ఉంటుంది. మీరు బుర్ర పెట్టి ఖర్చు తగ్గించిన కొద్దీ మీ ఫీజు తగ్గుతుంది, సైటులో గడపాల్సిన గంటలు మాత్రం పెరుగుతాయి. అందుకే ఇలాంటి ఇళ్ళకి నేను శాతం లెక్క మానేసి, మొత్తం ఇంత అని ముందే మాట్లాడుకుంటాను. బేకర్ సైటులోనే ఉండి, అక్కడికక్కడ గీస్తూ, మేస్త్రీలతో కలిసి కట్టించేవాడు. ఆఫీసులో కూర్చుని డ్రాయింగులు పంపించి ఈ పని చేయించలేం.

మీ కోర్సులో ప్రాక్టికల్ ట్రైనింగ్ సెమిస్టరు వస్తుంది కదా, దాన్ని దీనికే వాడుకోండి. బేకర్ 1985లో కొందరితో కలిసి పెట్టిన కాస్ట్‌ఫోర్డ్ సంస్థ ఇంకా ఇలాంటి కట్టడాలు కడుతోంది. తిరువనంతపురం దగ్గర విళప్పిల్‌శాలలో లారీ బేకర్ సెంటర్ ఉంది, అక్కడ శిక్షణలు కూడా జరుగుతుంటాయి. ఆయన చేత్తో రాసి, బొమ్మలు గీసిన చిన్న చిన్న పుస్తకాలు దొరికితే వదలొద్దు. ఖర్చు తగ్గించడం మీద అంత సరదాగా రాసినవాళ్ళు తక్కువ.

అంతకుముందే కాఫీ హౌస్‌కి ఇంకోసారి వెళ్ళే వీలుంటే ఫోన్ లోపల పెట్టి టేపు బయటికి తీయండి. ఒక బల్ల నేలకీ తర్వాతి బల్ల నేలకీ మధ్య ఎత్తు ఎంత, ఒక చుట్టు తిరిగేసరికి మొత్తం ఎంత ఎక్కారు, ట్రే పట్టుకున్న మనిషి పోవడానికి నడవ ఎంత వెడల్పు వదిలారు, నడుము గోడ మందం ఎంత, జాలీ కన్నం కూర్చున్న మనిషి కంటికి ఎంత ఎత్తులో ఉంది, ఇవి రాసుకోండి. ఆ కొలతలతో ఒక సెక్షన్, అంటే భవనాన్ని నిలువుగా కోస్తే కనిపించే బొమ్మ, గీయండి. ప్లాన్ సులభంగా వచ్చేస్తుంది, సెక్షన్ దగ్గర చేయి ఆగుతుంది. తలకి తగలకుండా పై చుట్టు ఎలా పోయిందో అక్కడే తెలుస్తుంది. గీశాక ఇక్కడ పెట్టండి, చూస్తాను. గ్రంథాలయానికి చూరు వేశాక అది కూడా పెట్టండి.